ప్రాణధార

పాఠ్యభాగ ఉద్దేశం

ప్రమాదంలో గాయపడిన మనిషి శరీరం నుంచి రక్తం ధారగా పోతున్నపుడు, ఆ ప్రాణం నిలవడానికి దారిపక్కన ఉన్న సామాన్యుడు మొదలు శస్త్రచికిత్స చేసే వైద్యుని వరకు ఎందరో చేయి కలపాలి. అందరికంటే ముందు చేయి చాచవలసినవాడు రక్తదాత. రక్తస్రావాన్ని అరికట్టే పద్ధతులను, రక్తాన్ని విభజించి వాడే విధానాన్ని, ముందుగా రక్తం ఇచ్చి ఉంచవలసిన అవసరాన్ని విద్యార్థులకు తెలియజేయడం ఈ పాఠ్యభాగ ఉద్దేశం.

పూర్వగాథ

ఉత్తరాంధ్ర చరిత్రలో నెత్తుటితో రాసిన తేదీలు రెండు ఉన్నాయి. 1757 జనవరి 24న బొబ్బిలి కోట కూలింది. 1794 జూలై 10న పద్మనాభం వద్ద విజయనగర ప్రభువు విజయరామరాజు కుంపిణీ సేనలను ఎదిరించి నేలకొరిగాడు. బొబ్బిలి వీరుల శౌర్యాన్ని జంగం కథకులు ఊరూరా పాడి చిరస్మరణీయం చేశారు. అయితే ఆ రణభూములలో గాయపడిన సామాన్య సైనికునికి అప్పటి దిక్కు గుడ్డకట్టు, ఆకుపసరు, కాల్చిన ఇనుము మాత్రమే. పోయిన రక్తాన్ని తిరిగి ఇచ్చే విద్య ఆనాటికి ప్రపంచంలో ఎక్కడా స్థిరపడలేదు.

రక్తాన్ని ఆపే విద్య మాత్రం మన దేశంలో అతి ప్రాచీనమైనది. సుశ్రుత సంహితలోని సూత్రస్థానం రక్తస్రావాన్ని నివారించే ఉపాయాలను సంధానం, స్కందనం, పాచనం, దహనం అని నాలుగు విధాలుగా పేర్కొన్నది. వగరు ద్రవ్యాలతో గాయాన్ని దగ్గరకు చేర్చడం సంధానం. చల్లదనంతో రక్తాన్ని పేరుకొనేటట్లు చేయడం స్కందనం. భస్మాన్ని అద్ది గాయాన్ని ఆరబెట్టడం పాచనం. కాల్చి రక్తనాళాన్ని ముడుచుకొనేటట్లు చేయడం దహనం. ఒకటి ఫలించనపుడు మరొకదానిని ఆశ్రయించాలని, దహనాన్ని చివరి ఉపాయంగా ఉంచుకోవాలని ఆ గ్రంథం సూచించింది. నేటి శస్త్రచికిత్సాలయంలో గాయానికి వేసే కుట్టు, రక్తం గడ్డకట్టడానికి ఇచ్చే మందు, విద్యుత్తుతో రక్తనాళాన్ని మూసే పరికరం ఆ పాత ఆలోచనలనే గుర్తుకు తెస్తాయి. కాని ఆపడం ఒక ఎత్తు, పోయినదానిని పూరించడం మరొక ఎత్తు.

ఆ రెండవ పని వెనుక రెండు శతాబ్దాల కృషి ఉంది. 1818లో లండన్ నగరంలో జేమ్స్ బ్లండెల్ అనే ప్రసూతి వైద్యుడు మనిషి రక్తాన్ని మనిషికే ఎక్కించే ప్రయత్నం చేశాడు. ప్రసవానంతరం రక్తం పోయి కళ్లముందే మరణిస్తున్న తల్లులను చూసి చలించిన మనసు ఆయనను అందుకు పురికొల్పింది. అయితే కొందరికి ఆ రక్తం ప్రాణం పోసేది, మరికొందరికి ప్రాణం తీసేది. కారణం ఎవరికీ తెలియలేదు. 1901లో వియన్నా శాస్త్రజ్ఞుడు కార్ల్ లాండ్‌స్టీనర్ రక్తవర్గాలను వెల్లడించడంతో ఆ చిక్కుముడి విడింది. ఆ కృషికి 1930లో ఆయనకు నోబెల్ బహుమతి లభించింది. 1914, 1915 సంవత్సరాలలో బెల్జియం, అర్జెంటీనా, అమెరికా దేశాల వైద్యులు సోడియం సిట్రేట్ కలిపితే రక్తం గడ్డకట్టకుండా ఉంటుందని నిరూపించారు. అప్పటి వరకు దాతను రోగి పక్కనే పడుకోబెట్టవలసి వచ్చేది. సిట్రేటుతో రక్తాన్ని నిలువ చేయడానికి వీలు కలిగింది. 1937లో షికాగో నగరంలోని కుక్ కౌంటీ ఆసుపత్రిలో బెర్నార్డ్ ఫాంటస్ అనే వైద్యుడు అటువంటి నిలువకు ‘బ్లడ్ బ్యాంకు’ అని పేరు పెట్టాడు. తెలుగులో దానినే రక్తనిధి అంటున్నాం.

దేహంలోని లెక్క

పెద్దవారి శరీరంలో కిలో బరువుకు సుమారు 70 మిల్లీలీటర్ల చొప్పున రక్తం ఉంటుంది. 60 కిలోల బరువున్న మనిషిలో ఉండేది నాలుగు లీటర్లకు కొంచెం ఎక్కువ. ఇందులో నూటికి పదిహేను వంతుల వరకు, అంటే ఆరువందల మిల్లీలీటర్ల దాకా పోయినా ఆరోగ్యవంతుని దేహం సర్దుకోగలుగుతుంది. పదిహేను నుంచి ముప్పై వంతులు పోతే గుండె వేగం పెరుగుతుంది, చర్మం చల్లబడుతుంది, మనిషి ఆందోళన పడతాడు. ముప్పై వంతులు దాటితే రక్తపీడనం పడిపోతుంది, మాట తడబడుతుంది. నలభై వంతులు దాటితే స్పృహ తప్పి ప్రాణానికే ముప్పు వాటిల్లుతుంది.

ఇక్కడ గమనించవలసిన విషయం ఒకటి ఉంది. యువకుల శరీరం రక్తపీడనాన్ని చాలాసేపు నిలబెట్టుకొంటుంది. రక్తనాళాలను ముడిచి, ఉన్న రక్తాన్ని గుండెకూ మెదడుకూ మళ్లిస్తుంది. అందుచేత “మాట్లాడుతున్నాడు కదా, ఏమీ కాలేదు” అని చుట్టూ ఉన్నవారు నిశ్చింతగా ఉంటారు. కొంతసేపటికి ఆ యువకుడు ఒక్కసారిగా కుప్పకూలుతాడు. చల్లని చెమట, పాలిపోయిన పెదవులు, వేగంగా బలహీనంగా కొట్టుకొనే నాడి, అర్థం లేని కంగారు కనిపిస్తే లోపల రక్తం పోతున్నదని భావించాలి. పైకి చుక్క రక్తం కనిపించకపోయినా పొట్టలోను, రొమ్ములోను, కటి ఎముకల నడుమ, విరిగిన తొడ ఎముక చుట్టూ లీటర్ల కొద్దీ రక్తం చేరవచ్చు.

గాయం చెంత

ఇచ్ఛాపురం నుంచి పలాస, టెక్కలి, నరసన్నపేట, శ్రీకాకుళం, రణస్థలం మీదుగా భోగాపురం వైపు సాగే జాతీయ రహదారి పగలూ రాత్రీ వాహనాలతో నిండి ఉంటుంది. ఆ దారిలో ప్రమాదం జరిగినపుడు క్షతగాత్రుని చెంతకు ముందుగా చేరేవాడు వైద్యుడు కాడు. పొలం నుంచి వస్తున్న రైతు, కళాశాలకు వెళ్తున్న విద్యార్థి, టీ దుకాణం నడుపుకొనే వ్యక్తి ముందుగా చేరుతారు. పెద్ద ధమని తెగినపుడు కొద్ది నిమిషాలలోనే ప్రాణం పోవచ్చు కాబట్టి, ఆ నిమిషాలలో వైద్యం వారి చేతులలోనే ఉంటుంది.

మొదట 108కు ఫోను చేయాలి. లేదా పక్కనున్న వారిచేత చేయించాలి. చేతికి రబ్బరు తొడుగు లేకపోతే శుభ్రమైన ప్లాస్టిక్ సంచినైనా తొడుక్కోవచ్చు. రక్తం ఎక్కడి నుంచి వస్తున్నదో బట్ట తొలగించి చూడాలి. శుభ్రమైన గుడ్డను మడతపెట్టి, సరిగ్గా ఆ చోటనే, అరచేతి మూలంతో బరువంతా వేసి అదమాలి. మధ్యమధ్య తీసి చూడడం పెద్ద పొరపాటు. అప్పుడే ఏర్పడుతున్న గడ్డ ఊడిపోయి రక్తం మళ్లీ మొదలవుతుంది. గుడ్డ తడిసిపోతే దానిమీదే మరొక గుడ్డ పెట్టి మరింత గట్టిగా అదమాలి. గజ్జలు, చంకలు వంటి చోట్ల లోతైన గాయమైతే గుడ్డను గాయం లోపలికి కూరి పైనుంచి ఒత్తిపట్టాలి. దిగబడిన కత్తినిగాని ఇనుప ఊచనుగాని లాగివేయరాదు. అది కదలకుండా చుట్టూ గుడ్డలు పేర్చి ఆసుపత్రికి చేర్చాలి. ఎందుకంటే ఆ ఇనుమే తెగిన నాళానికి అడ్డుగా నిలిచి ఉండవచ్చు.

చేతికి గాని కాలికి గాని తగిలిన గాయం నుంచి రక్తం చిమ్ముతూ, అదిమినా ఆగనపుడు బిగికట్టు కట్టాలి. దీనినే వైద్యులు టూర్నికెట్ అంటారు. గాయానికి నాలుగు వేళ్ల ఎడంగా పైభాగాన, కీలు మీద పడకుండా, వెడల్పాటి గుడ్డను చుట్టి ముడివేయాలి. ఆ ముడిలో గట్టి కర్రపుల్లను దూర్చి, రక్తం ఆగేవరకు మెలితిప్పి, పుల్ల వదులు కాకుండా కట్టాలి. సన్నని తాడు, తీగ వాడితే కండ కోసుకుపోతుంది. కట్టిన సమయాన్ని రాసి రోగి ఒంటిమీద కనిపించేటట్లు ఉంచాలి. రెండు గంటలు దాటితే అవయవానికి హాని కలిగే అవకాశం పెరుగుతుంది. దానిని విప్పే పని ఆసుపత్రికే వదిలిపెట్టాలి.

పసుపు, కాఫీపొడి, సున్నం, మట్టి గాయం మీద చల్లే అలవాటు పల్లెలలో ఇంకా కనిపిస్తుంది. పెద్ద గాయం నుంచి వచ్చే ధారను ఇవేవీ ఆపలేవు. పైపెచ్చు గాయాన్ని కలుషితం చేస్తాయి. గాయపడిన వారికి తాగడానికి గాని తినడానికి గాని ఇవ్వకూడదు, శస్త్రచికిత్స అవసరం కావచ్చు. వారిని పడుకోబెట్టి, తడిబట్టలు తొలగించి, దుప్పటి కప్పాలి. సుశ్రుతుడు చెప్పిన చల్లదనం చిన్న గాయానికి మేలు చేయవచ్చు గాని, దేహమంతా చల్లబడితే రక్తం గడ్డకట్టే శక్తి సన్నగిల్లుతుంది. కప్పిన దుప్పటి కూడా ఒక ఔషధమే.

సహాయం చేస్తే పోలీసులు వేధిస్తారేమోననే భయం చాలామందిని వెనక్కి లాగుతుంది. సుప్రీంకోర్టు 2016లో ఆమోదించిన మార్గదర్శకాలు, 2019లో సవరించిన మోటారు వాహనాల చట్టంలోని 134ఎ సెక్షను ఈ భయానికి తావు లేకుండా చేశాయి. సద్భావంతో సాయపడిన వ్యక్తి పేరు, చిరునామా చెప్పవలసిన నిర్బంధం లేదు. ఆ సహాయంలో పొరపాటు జరిగినా అతనిపై కేసు ఉండదు.

దారిలో దక్కే కాలం

2005 ఆగస్టు 15న హైదరాబాదులో ప్రారంభమైన 108 అంబులెన్సు సేవ తెలుగువారి అత్యవసర వైద్యంలో ఒక మలుపు. అంతకుముందు ఆటోలోనో, ఎడ్లబండి మీదనో సాగిన ప్రయాణం శిక్షణ పొందిన సిబ్బంది చేతికి వచ్చింది. అంబులెన్సు వచ్చిన తరువాత కూడా కాలం విలువ తగ్గదు. ఈ సత్యాన్ని ఒక చిన్న మందు చరిత్ర చక్కగా వివరిస్తుంది.

ఆ మందు పేరు ట్రనెక్సామిక్ ఆమ్లం. జపాన్ దేశానికి చెందిన ఉటాకో ఒకమోటో, ఆమె భర్త షోసుకే ఒకమోటో దీనిని కనుగొని 1962లో ప్రకటించారు. బ్లండెల్ వలెనే ఆమెకూ ప్రసవానంతర రక్తస్రావంతో మరణించే తల్లులను కాపాడాలన్నదే ఆశయం. దేహం రక్తాన్ని గడ్డకట్టించడంతోపాటు, ఆ గడ్డను కరిగించే పనిని కూడా చేస్తుంటుంది. పెద్ద గాయమైనపుడు ఈ కరిగించే పని అదుపు తప్పుతుంది. కట్టిన గట్టును వెనువెంటనే తవ్వివేసినట్లు అవుతుంది. ట్రనెక్సామిక్ ఆమ్లం ఆ తవ్వకాన్ని ఆపుతుంది.

2010లో వెలువడిన ‘క్రాష్-2’ పరిశోధనలో 40 దేశాలలోని 20,211 మంది క్షతగాత్రులు పాల్గొన్నారు. మందు పొందని వారిలో నూటికి 16 మంది మరణించగా, పొందిన వారిలో మరణాలు 14.5 శాతానికి తగ్గాయి. అంతకంటే ముఖ్యమైన సంగతి మరొకటి బయటపడింది. గాయపడిన గంటలోపు ఇచ్చినపుడు ఫలితం ఎక్కువగా కనిపించింది. మూడు గంటలు దాటిన తరువాత ఇస్తే మేలు జరగకపోగా కీడు జరిగే సూచనలు కనిపించాయి. ఒకే మందు ఒక ఘడియలో అమృతం, మరొక ఘడియలో నిష్ఫలం. ఎక్కువ ఖర్చు లేని ఈ సూదిమందు విలువ దానిని ఎంత తొందరగా ఇచ్చారన్న దానిపైనే ఆధారపడి ఉంది.

రక్తం ఒక్కటి కాదు

ఒకప్పుడు రక్తం పోయిన రోగికి సీసాల కొద్దీ సెలైన్ ఎక్కించేవారు. రక్తపీడనం అంకెలలో పెరిగేది. కాని ఉప్పునీరు ప్రాణవాయువును మోయలేదు, గడ్డకట్టే గుణం దానికి లేదు. పైగా అది మిగిలిన రక్తాన్ని పలచబరచి, దేహాన్ని చల్లబరుస్తుంది. దేహం చల్లబడడం, రక్తంలో ఆమ్లగుణం పెరగడం, గడ్డకట్టే శక్తి క్షీణించడం అనే మూడూ ఒకదానినొకటి పెంచుకొంటూ రోగిని మృత్యువు వైపు లాగుతాయి. వైద్యులు దీనిని మృత్యుత్రయం అంటారు. అందుచేత నేటి వైద్యం సెలైనును మితంగా వాడి, రక్తానికి రక్తాన్నే ఇవ్వాలంటున్నది. గాయంలో రక్తం ఎక్కడి నుంచి పోతున్నదో కనుగొని శస్త్రచికిత్సతో దానిని మూయడం ఈ పనితోపాటే జరగాలి. చిల్లుకుండలో ఎంత నీరు పోసినా నిలవదు.

దాత ఇచ్చిన ఒక సంచి రక్తం 350 లేక 450 మిల్లీలీటర్లు ఉంటుంది. దానిని రక్తనిధిలో యంత్రం సహాయంతో వేగంగా తిప్పి, వేరువేరు భాగాలుగా విడదీస్తారు. ఎర్రరక్తకణాలు ప్రాణవాయువును మోస్తాయి. వీటిని 2 నుంచి 6 డిగ్రీల చల్లదనంలో, కలిపిన ద్రవాన్ని బట్టి 35 లేక 42 రోజులు నిలువ ఉంచవచ్చు. ప్లాస్మాలో గడ్డకట్టడానికి తోడ్పడే మాంసకృత్తులు ఉంటాయి. దానిని ఘనీభవింపజేసి ఏడాది వరకు దాచి, వాడేముందు శరీర ఉష్ణోగ్రత వద్ద కరిగిస్తారు. ప్లేట్‌లెట్లు తెగిన నాళానికి మొదటి అడ్డుకట్ట. వీటిని శీతలీకరించకుండా, 20 నుంచి 24 డిగ్రీల వద్ద మెల్లగా ఊపుతూ ఉంచుతారు. వీటి ఆయువు ఐదు రోజులు మాత్రమే. ప్లాస్మా నుంచి తీసే క్రయోప్రెసిపిటేటులో ఫైబ్రినోజన్ సమృద్ధిగా ఉంటుంది. రక్తపు గడ్డకు నూలుపోగు వంటిది ఈ ఫైబ్రినోజన్. ఈ విధంగా ఒక్క దాత రక్తం ముగ్గురు రోగులకు ఉపయోగపడగలదు.

తీవ్ర రక్తస్రావంలో ఎర్రకణాలు మాత్రమే ఇస్తే చాలదు. 2015లో అమెరికాలో ప్రకటించిన ఒక పరిశోధనలో ప్లాస్మా, ప్లేట్‌లెట్లు, ఎర్రకణాలను సమపాళ్లలో పొందిన వారిలో, మొదటి ఇరవైనాలుగు గంటలలో రక్తస్రావంతో సంభవించే మరణాలు తగ్గాయి. అయితే నెలరోజుల తరువాత మొత్తం మరణాల లెక్కలో స్పష్టమైన భేదం తేలలేదు. పోయిన రక్తంలో ఏ పాళ్లలో ఏవి ఉన్నాయో ఇంచుమించు ఆ పాళ్లలోనే తిరిగి ఇవ్వాలనే ఆలోచన మాత్రం వైద్యలోకంలో నిలిచింది. నిలువ రక్తంలోని సిట్రేటు దేహంలోని కాల్షియాన్ని పట్టి ఉంచుతుంది కాబట్టి, ఎక్కువ సంచులు ఎక్కించినపుడు కాల్షియం కూడా ఇస్తారు. రక్తాన్ని వెచ్చచేసే పరికరం ద్వారా పంపుతారు.

రక్తవర్గం చూసి, రోగి రక్తంతో కలిపి సరిపోల్చే పూర్తి పరీక్షకు ముప్పావుగంట నుంచి గంట పడుతుంది. అంత వ్యవధి లేనపుడు ఓ వర్గపు ఎర్రకణాలను ఇస్తారు. బాలికలకు, సంతానం పొందే వయసులోని స్త్రీలకు ఓ నెగిటివ్ ఇవ్వడం శ్రేయస్కరం. అది దొరకడం కష్టం కాబట్టి పురుషులకు ఓ పాజిటివ్ ఇచ్చి ప్రాణం నిలబెడతారు. మన దేశంలో నెగిటివ్ వర్గాల వారు నూటికి ఐదుగురు ఉంటారేమో. ఓ నెగిటివ్ వారు అంతకంటే తక్కువ.

కంటకాపల్లి రాత్రి

2023 అక్టోబరు 29, ఆదివారం. విజయనగరం జిల్లా కంటకాపల్లి, అలమండ స్టేషన్ల మధ్య సాయంత్రం ఏడు గంటల వేళ విశాఖపట్నం నుంచి పలాసకు వెళ్లే పాసింజరు రైలును, వెనుక నుంచి వచ్చిన రాయగడ పాసింజరు ఢీకొన్నది. 14 మంది ప్రాణాలు కోల్పోయారు. సుమారు యాభై మంది గాయపడ్డారు. క్షతగాత్రులను విజయనగరం ప్రభుత్వాసుపత్రికి, విశాఖపట్నానికి తరలించారు. అంతకు ఆరేళ్ల ముందు, 2017 జనవరి 21 రాత్రి, అప్పటి విజయనగరం జిల్లాలోని కూనేరు వద్ద హిరాఖండ్ ఎక్స్‌ప్రెస్ పట్టాలు తప్పినపుడు దాదాపు నలభై మంది మరణించారు. నేడు కూనేరు పార్వతీపురం మన్యం జిల్లాలో ఉంది.

ఇటువంటి దుర్ఘటనల వార్త వినగానే సహృదయులు ఆసుపత్రుల ముందు వరుసకట్టి రక్తం ఇవ్వడానికి సిద్ధపడతారు. ఆ ఔదార్యం ఎంతైనా కొనియాడదగినది. అయినా ఆ రాత్రి ఇచ్చిన రక్తం ఆ గంటలో అక్కరకు రాదు. ప్రతి సంచినీ హెచ్‌ఐవి, హెపటైటిస్ బి, హెపటైటిస్ సి, సిఫిలిస్, మలేరియా వ్యాధులకు పరీక్షించాలి. వర్గం నిర్ణయించాలి. భాగాలుగా విడదీయాలి. ఇందుకు గంటలు పడుతుంది. మొదటి గంటలో రోగి నరంలోకి ప్రవహించేది ఆ దుర్ఘటన జరగక ముందే, పది రోజుల కిందటో, నెల కిందటో, ఎవరికి చేరుతుందో తెలియకుండా ఒక అజ్ఞాత దాత ఇచ్చి వెళ్లిన రక్తం. ధాన్యం గాదెలో ఉన్నపుడే కరవును ఎదుర్కోగలం. కరవు వచ్చాక విత్తితే పంట చేతికి రాదు. రక్తనిధికీ ఇదే నీతి వర్తిస్తుంది.

కొండ మీది తల్లి, పొలంలోని పాము

రక్తస్రావం అనగానే రహదారి ప్రమాదాలే మనసులో మెదులుతాయి. కాని ఉత్తరాంధ్రలోని సీతంపేట, కురుపాం, గుమ్మలక్ష్మీపురం కొండలలో దీనికి మరొక ముఖం ఉంది. ప్రసవం తరువాత గర్భాశయం బిగుసుకోకపోతే, మాయ అంటుకొని ఉన్న చోటి నాళాలు తెరచుకొనే ఉండి రక్తం వెల్లువలా పోతుంది. అర లీటరు దాటితే దానిని ప్రసవానంతర రక్తస్రావం అంటారు. రక్తహీనత ఉన్న తల్లి అంతకంటే తక్కువ నష్టానికే కుంగిపోతుంది. దారి లేని గూడెం నుంచి ఆమెను డోలీలో మోసుకొని కిందికి దింపేలోపు కాలం చేజారిపోతుంది.

ఆక్సిటోసిన్ మందు, గర్భాశయాన్ని పైనుంచి మర్దన చేయడం, ట్రనెక్సామిక్ ఆమ్లం, సెలైన్, సకాలంలో పరీక్ష అనే పనులను వరుసగా కాక ఒక్కుమ్మడిగా చేపట్టాలని ఇటీవలి వైద్యం చెబుతున్నది. 2017లో ప్రకటించిన ‘ఉమన్’ పరిశోధన 20,060 మంది తల్లులపై జరిగింది. ప్రసవమైన మూడు గంటలలోపు ట్రనెక్సామిక్ ఆమ్లం పొందిన వారిలో రక్తస్రావ మరణాలు తగ్గాయని అది నిరూపించింది. ఒకమోటో దంపతుల ఆశయం అరవై ఏళ్లకు చేరువలో ఈ విధంగా నెరవేరింది. అయినా మందుకు లొంగని రక్తస్రావంలో రక్తమే దిక్కు. కొండ ప్రాంతపు గర్భిణులను నెలలు నిండక ముందే మైదానానికి చేర్చి, సాలూరు వంటి చోట్ల వసతి కల్పించడంలోని పరమార్థం ఇదే. తల్లిని రక్తానికి దగ్గర చేయడమంటే ఆమె ప్రాణానికి దూరాన్ని తగ్గించడమే.

వరిచేలలో తిరిగే రక్తపింజరి కాటు కూడా రక్తస్రావానికి కారణమే. ఆ విషం గడ్డకట్టించే పదార్థాలను హరించివేస్తుంది. చిగుళ్ల నుంచి, పాత గాయాల నుంచి రక్తం కారుతుంది. శుభ్రమైన గాజుగొట్టంలో రోగి రక్తాన్ని కదపకుండా ఇరవై నిమిషాలు ఉంచి, గడ్డకట్టిందా లేదా అని చూసే సులభమైన పరీక్షతో ఆసుపత్రివారు దీనిని గుర్తిస్తారు. ఇక్కడ మొదటి చికిత్స విషానికి విరుగుడు మందు. విషం విరగకుండా ప్లాస్మా ఎక్కిస్తే అది కూడా విషానికే ఆహుతి అవుతుంది. గాయపు రక్తానికి మేలు చేసే బిగికట్టును పాముకాటుకు కట్టరాదు. కాటుపడిన అవయవాన్ని కదపకుండా ఉంచి ఆసుపత్రికి చేర్చాలి. ఏ వ్యాధికి ఏ ఉపాయమో తెలియడమే వివేకం.

దాత ధర్మం

ఒకప్పుడు మన దేశంలో రక్తాన్ని డబ్బుకు అమ్ముకొనే వృత్తిదాతలు ఉండేవారు. ఆకలికి లొంగి ఇచ్చే ఆ రక్తం వారినీ బలహీనపరిచేది, రోగులకూ వ్యాధులను మోసుకువచ్చేది. సుప్రీంకోర్టు 1996లో ఇచ్చిన తీర్పు ఫలితంగా 1998 జనవరి 1 నుంచి రక్తం అమ్మకం నిషిద్ధమైంది. 2002లో జాతీయ రక్త విధానం వెలువడింది. స్వచ్ఛంద దానమే రక్తనిధులకు ఆధారమైంది. లాండ్‌స్టీనర్ జన్మదినమైన జూన్ 14ను ప్రపంచ రక్తదాతల దినంగా, అక్టోబరు 1ని జాతీయ స్వచ్ఛంద రక్తదాన దినంగా పాటిస్తున్నారు.

పద్దెనిమిది ఏళ్లు నిండి, కనీసం 45 కిలోల బరువు, 12.5 గ్రాముల హిమోగ్లోబిన్ ఉన్న ఆరోగ్యవంతులు రక్తం ఇవ్వవచ్చు. పురుషులు మూడు నెలలకు ఒకసారి, స్త్రీలు నాలుగు నెలలకు ఒకసారి ఇవ్వవచ్చు. పోయిన ద్రవం ఒకటి రెండు రోజులలో పూరింపబడుతుంది. ఎర్రకణాలు కొన్ని వారాలలో తిరిగి ఏర్పడతాయి. రక్తం ఇస్తే నీరసం శాశ్వతంగా ఉండిపోతుందనే నమ్మకానికి ఆధారం లేదు. వేసవి సెలవులలో కళాశాలలు మూసి ఉండడం వలన శిబిరాలు తగ్గి, నిలువలు పలచబడతాయి. రహదారి మీద ప్రమాదాలకు మాత్రం సెలవులు లేవు. అందుచేత ఏడాదికి ఒక్కనాడు ఉత్సవంలా జరిగే శిబిరం కంటే, నెలనెలా కొద్దిమంది వంతులవారీగా ఇచ్చే రక్తం ఎక్కువ ఉపకరిస్తుంది. ప్లేట్‌లెట్ల ఆయువు ఐదు రోజులే అన్న సంగతి గుర్తుంటే ఈ మాటలోని ఔచిత్యం బోధపడుతుంది.

శిబి చక్రవర్తి తన దేహాన్ని కోసి పావురాన్ని కాపాడినట్లు పురాణం చెబుతుంది. రక్తదాత చేసే త్యాగం అంతటిది కాదు. అతడు పోగొట్టుకొనేది అరగంట కాలం, కొన్ని వారాలలో తిరిగి వచ్చే కొంత రక్తం. అయినా ఆ కొంత రక్తం పలాస రహదారి మీద పడి ఉన్న యువకునికో, సీతంపేట కొండ దిగివచ్చిన తల్లికో మరొక సూర్యోదయాన్ని చూపగలదు. గాయాన్ని అదిమిపట్టే చేయి, వేగంగా వచ్చే వాహనం, నేర్పుగల వైద్యుడు, ముందుగానే నిండి ఉన్న రక్తనిధి అనే నాలుగింటిలో ఏ ఒక్కటి లోపించినా మిగిలిన మూడింటి శ్రమ వ్యర్థమవుతుంది. వీటిలో మొదటిదీ చివరిదీ సామాన్యుల చేతిలోనే ఉన్నాయి. ఇంటర్మీడియెట్ చదువుతున్న విద్యార్థి మొదటి విద్యను ఈనాడే నేర్చుకోవచ్చు. పద్దెనిమిదేళ్లు నిండిన నాడు చివరి బాధ్యతను స్వీకరించవచ్చు.

కఠిన పదాలకు అర్థాలు

క్షతగాత్రుడు – గాయపడిన దేహం గలవాడు
ధమని – గుండె నుంచి రక్తాన్ని తీసుకుపోయే నాళం
సంధానం – కలపడం, దగ్గరకు చేర్చడం
స్కందనం – గడ్డకట్టడం
దహనం – కాల్చడం
మృత్యుత్రయం – మరణానికి దారితీసే మూడు స్థితుల కూడిక
అజ్ఞాత దాత – పేరు తెలియని దాత
ఔచిత్యం – తగి ఉండడం
గాదె – ధాన్యం నిలువచేసే కట్టడం

ప్రశ్నలు

అ) క్రింది ప్రశ్నలకు ఇరవై పంక్తులలో సమాధానాలు రాయండి.
1. ప్రమాదస్థలంలో రక్తస్రావాన్ని అరికట్టడానికి సామాన్యుడు చేయదగిన పనులను వివరించండి.
2. ‘దుర్ఘటన జరిగిన రాత్రి ఇచ్చిన రక్తం ఆ గంటలో అక్కరకు రాదు’ – పాఠ్యభాగం ఆధారంగా సమర్థించండి.

ఆ) క్రింది ప్రశ్నలకు ఐదు పంక్తులలో సమాధానాలు రాయండి.
1. సుశ్రుత సంహిత పేర్కొన్న రక్తనివారణోపాయాలు ఏవి?
2. ట్రనెక్సామిక్ ఆమ్లం విషయంలో కాలానికి గల ప్రాధాన్యం ఏమిటి?
3. రక్తాన్ని భాగాలుగా విడదీయడం వలన కలిగే ప్రయోజనం ఏమిటి?
4. పాముకాటుకు బిగికట్టు ఎందుకు కట్టరాదో, ఏమి చేయాలో తెలపండి.

ఇ) క్రింది ప్రశ్నలకు ఒక్క వాక్యంలో సమాధానాలు రాయండి.
1. రక్తవర్గాలను వెల్లడించిన శాస్త్రజ్ఞుడు ఎవరు?
2. ప్లేట్‌లెట్లను ఎన్ని రోజులు నిలువ ఉంచవచ్చు?
3. మన దేశంలో రక్తం అమ్మకం ఎప్పటి నుంచి నిషిద్ధమైంది?